కెమెరా కోసేసిన ఇరవై నిమిషాలు

బాండ్లిలో ఎర్రగడ్డలు పడతాయి. చెఫ్ రెండుసార్లు గరిటె తిప్పుతాడు. మరుక్షణం అవి తేనె రంగులో మెరుస్తుంటాయి. "ఎర్రగడ్డలు బాగా వేగాయి, ఇప్పుడు టమాటాలు వేద్దాం" అంటాడు. తెర మీద ఆ పనికి పట్టింది రెండు సెకన్లు. మన ఇంటి గ్యాస్ పొయ్యి మీద అదే పని, అంటే సన్నగా తరిగిన మూడు పెద్ద ఎర్రగడ్డలు, మూడు టేబుల్ స్పూన్ల నూనె, మధ్యరకం మంట, 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. చూసి వండేవాళ్ల వంట చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆరో నిమిషానికే ఓపిక పోయి టమాటాలు వేసేస్తారు. ఎర్రగడ్డలో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లు ఇగిరేదాకా బాండ్లిలో వేడి 100 డిగ్రీలు దాటదు. రంగు తిరగాలంటే 140 దాకా పోవాలి. ఇగరకముందే టమాటా వేస్తే దాని నీళ్లు కూడా తోడై గడ్డలు తెల్లగానే ఉడికిపోతాయి. ఆ తర్వాత ఎంత మసాలా వేసినా పులుసులో తియ్యటి పచ్చివాసన ఉండిపోతుంది.

వంట కార్యక్రమాలంటే ఇష్టం ఉన్నవాళ్ల కోసమే ఈ రాత. వాటిని చూడటం కాలక్షేపమని నేను అనుకోను. మంచి కార్యక్రమం ఒక బడి లాంటిది. అయితే ఆ బడిలో ముఖ్యమైన పాఠం ఎప్పుడూ ఎడిటింగ్ కోతల మధ్యలో ఉంటుంది. దాన్ని బయటికి లాగడం తెలియాలి.

కోతలు ఎందుకంటే, అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా మిగిలేది 22 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అందుకే ఒకే కూరను మూడు నాలుగు దశల్లో ముందే వండి బల్ల కింద పెట్టుకుంటారు. పచ్చి బోగాని పోయి వేగిన బోగాని వస్తుంది. అందులో మోసమేమీ లేదు, ఆ పద్ధతే అంత. 1963లో అమెరికాలో జూలియా చైల్డ్ మొదలుపెట్టిన టీవీ వంట కార్యక్రమం 'ది ఫ్రెంచ్ చెఫ్' మాత్రం దాదాపు ఆపకుండా ఒకే వరుసలో రికార్డు చేసేవారు. ఆమె బంగాళాదుంప అట్టు తిప్పబోతే సగం పొయ్యి మీద పడింది. దాన్ని ఏరి మళ్లీ పెనంలో పెట్టుకుని, తిప్పేటప్పుడు ధైర్యం చాల్లేదని చెప్పేసింది. ఆ ముక్కను కోసేయలేదు. ఎందుకు చెదిరిందో అందరికీ అర్థమైంది. అడుగు ఇంకా గట్టిపడకముందే తిప్పింది. తప్పు కనిపించిన వంటే బాగా గుర్తుంటుంది. మన దేశంలో 1993లో జీ టీవీలో 'ఖానా ఖజానా' వచ్చింది. తెలుగులో 2015లో వంటకే ఒక ఛానెల్, ఈటీవీ అభిరుచి, మొదలైంది. ఇప్పుడు ఫోన్లోనే ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించిన సౌకర్యం ఏముంటుంది!

ఒకే వంటను మూడుసార్లు చూడండి. మొదటిసారి ఊరికే, ఇష్టంగా. రెండోసారి పక్కన కాగితం పెట్టుకోండి. అందులో దినుసులు రాయొద్దు, అవి ఎటూ తెర మీద వస్తాయి. కోత పడిన ప్రతిచోటా ఒక గీత గీసి, కోతకు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, రాయండి. రంగు మారిందా? నూనె అంచుకు వచ్చిందా? పులుసు మట్టం ఎంత దిగింది? మట్టాన్ని బట్టి సమయం కట్టొచ్చు. మూత తీసిన బోగానిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు ఇగరడానికి ఇంట్లో పెద్ద పొయ్యి మీద నిండు మంటకు 12 నుంచి 15 నిమిషాలు, సన్న సెగకు దానికి రెట్టింపు పైనే పడుతుంది. లీటరు పులుసు కోత తర్వాత ముప్పావు లీటరు కంటే తగ్గి కనబడితే, మధ్యలో మాయమైంది పది నిమిషాలకు తక్కువ కాదు. మూడోసారి చెవితో చూడండి. బాండ్లిలో నీళ్లున్నంతసేపు చప్పుడు గట్టిగా, చిటచిటమని ఉంటుంది. నీళ్లు అయిపోగానే అది సన్నగిల్లి దాదాపు నిశ్శబ్దమవుతుంది. నూనె పైకి తేలేది కూడా అప్పుడే. వెనక పాట పెట్టే కార్యక్రమాలు ఈ ఒక్క విషయంలో మనకు నష్టమే చేస్తాయి.

కొలతల సంగతి. మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా 2009లో మొదలైంది, మన దగ్గర దానికి అభిమానులు చాలామంది. అక్కడి టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు. మన దగ్గర, అమెరికాలో, ఇంగ్లండులో 15. ఆస్ట్రేలియా కప్పు 250, అమెరికా కప్పు 237, జపాన్ కప్పు 200. కూరలో ఈ తేడా తెలియదు. కేకులో, బేకింగ్ పౌడర్ కొలతలో, చిక్కబరిచే పిండిలో తెలిసిపోతుంది. అక్కడ మూడు టేబుల్ స్పూన్లన్నచోట మనం నాలుగు వేయాలి. ఉప్పు కూడా అంతే. టీ స్పూను మెత్తటి ఉప్పు 5-6 గ్రాములు తూగుతుంది. రాళ్ల ఉప్పు అదే స్పూనుకు తక్కువే వస్తుంది, ఎందుకంటే రాళ్ల మధ్య గాలి. తూకం చూసుకుంటే గొడవే ఉండదు. కూర మొత్తం బరువులో నూటికి ఒక వంతు ఉప్పుతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవచ్చు. ఇక "రెండు స్పూన్ల కారం" అని ఉత్తరాది చెఫ్ అన్నప్పుడు అది చాలావరకు కాశ్మీరీ కారం. అది రంగుకే. గుంటూరు కారం అదే కొలతకు వేస్తే నోట పెట్టలేం. అలాంటి చోట బ్యాడిగి కారం రెండు స్పూన్లు, లేదా గుంటూరు కారం అర స్పూను. బ్యాడిగి రంగులో దగ్గరగా ఉంటుంది.

కేకుల కార్యక్రమాలు చూసి మన ఊళ్లలో చేయబోయేవాళ్లకు ఇంకో చిక్కు ఎండాకాలం. కడప, కర్నూలులో మే నెల పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, వంటిల్లు దానికి తక్కువేం ఉండదు. వెన్న 32-35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. పొరలుగా వచ్చే 'పై' అనే వంటకం పిండికి వెన్న ముక్కలుగా కలపాలని ఇంగ్లండు చెఫ్ చెప్పేది చల్లటి గదిని మనసులో పెట్టుకుని. ఇక్కడ చేతి వేడికే ముక్కలు కరిగి పిండిలో కలిసిపోతాయి, ఇక పొరలు రావు. తెల్లవారుజామున 5 గంటలకు చేయండి. వెన్నను ఫ్రీజర్లో పెట్టి క్యారెట్ కోరే దాంతో కోరండి. మైదా, గిన్నె కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పిండి మెత్తబడిందనిపిస్తే పని ఆపేసి 20 నిమిషాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. క్రీమ్ విషయంలోనూ చూసుకోండి. పాకెట్లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. ఎంత గిలక్కొట్టినా అది నిలబడదు. నురగలా నిలవాలంటే కనీసం 30, బాగా నిలవాలంటే 35 శాతం కావాలి. "విప్పింగ్ క్రీమ్" అని రాసున్నదే తెచ్చుకోవాలి.

తెర మీద ఎప్పుడూ కనిపించనిది నీళ్లు. అనంతపురం వైపు బోరు నీళ్లలో గట్టిదనం ఎక్కువ. కందిబేడలు, శెనగలు గంట ఉడికినా పలుకుగానే ఉంటే తప్పు బేడలది కాకపోవచ్చు. నీళ్లలోని కాల్షియం గింజను బిగించేస్తుంది. నానబెట్టడానికి, ఉడికించడానికి ఫిల్టర్ నీళ్లో క్యాన్ నీళ్లో వాడండి. అవి లేకపోతే గ్లాసు శెనగలకు స్పూనులో ఎనిమిదో వంతు వంటసోడా. అంతకు మించితే సబ్బు వాసన. బేడలు మెత్తబడేదాకా చింతపండు, టమాటా వేయకూడదు. పులుపు కూడా అదే పని చేస్తుంది, మెత్తబడనివ్వదు. చెఫ్ అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి తీసి చూపిస్తే, వాళ్ల ఊరి నీళ్లు మెత్తటివని అనుకోండి.

ఇక తిండి యాత్రల కార్యక్రమాలు. వీటి దారి వేరు. వంట నేర్పడం వీటి పని కాదు. ఎవరు తింటారు, ఏ పూట తింటారు, ఎందుకు తింటారు, ఇవి చెప్పాలి. 2016 మే నెలలో అమెరికా చెఫ్, టీవీ యాత్రికుడు ఆంథొనీ బోర్డైన్ వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక మామూలు హోటల్లో, చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద, అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామాతో కూర్చుని బున్ చా తిన్నాడు. ఇద్దరి తిండికి అయిన ఖర్చు 6 డాలర్లు. తర్వాత ఆ హోటల్‌వాళ్లు ఆ బల్లను అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. అందులో వంట విధానం ఏమీ లేదు. కానీ బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం తియ్యపుల్లటి చేపరసంలో ఎలా తేలుతుందో, సేమియా ఎలా ముంచుకుని తింటారో, ఆకులు ఎప్పుడు కలుపుకుంటారో కళ్లకు కట్టింది. తినే వరుస తెలిస్తే వండే పద్ధతి సగం తెలిసినట్టే.

మన సీమకు వచ్చే యాత్రల కార్యక్రమాలు ఎక్కువగా హైదరాబాదు - బెంగుళూరు రోడ్డు పట్టుకుని వచ్చి కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్లిపోతాయి. ప్రతిదాంట్లోనూ అదే దృశ్యం. వేడి సంగటి ముద్ద, దానికి వేలితో గుంట, గుంటలో నెయ్యి, పైన నాటుకోడి పులుసు. తర్వాత యాంకర్ కళ్లలో నీళ్లు, "రాయలసీమ అంటేనే కారం!" అనే మాట. ఆ మాటతో ఊరి తిండి కథ ముగించడం బాధగా ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. అంత వానకు పండేవి రాగులు, జొన్నలు, కొర్రలు, చెనక్కాయలు. అందుకే ముద్దకు రాగి, రొట్టెకు జొన్న, చట్నీకీ పొడికీ కూరలో చిక్కదనానికీ చెనక్కాయలు. కారం దానికి తోడు వచ్చిందే. పెద్ద ముద్ద మింగాలంటే పక్కన ఘాటైనది ఉండాలి. ఈ ఒక్క వాక్యం చెప్పే కార్యక్రమం దొరికితే పూర్తిగా చూస్తాను.

ఆ ముద్దను కెమెరా చూపించేది ఎనిమిది సెకన్లు. దాని వెనక గంటకు పైనే ఉంది. ఐదారు ముద్దలకు ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల రాగి పిండి, ఏడు గ్లాసుల నీళ్లు, చాలినంత ఉప్పు. అన్నిటికీ ఒకే గ్లాసు. బియ్యం అరగంట నాని, ఆ నీళ్లలో 20-25 నిమిషాలు ఉడికి, మెతుకు నలిపితే గుజ్జు కావాలి. అన్నానికి వండినట్టు పలుకుగా దించితే ముద్దలో గింజ గింజ తగులుతుంది. పిండి వేసే ముందు ఒక గ్లాసు గంజి తీసి పక్కన పెట్టండి. ఇది మరచిపోతే సంగటి బిగుసుకున్నప్పుడు దారి ఉండదు. ఇప్పుడు పిండి మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు. సంగటి కట్టె కాడతో కుప్పలో రెండు మూడు చోట్ల అడుగుదాకా గుంత పెట్టి, మూతేసి, సన్న సెగ మీద 10 నిమిషాలు వదిలేయాలి. ఆవిరి ఆ గుంతల్లోంచి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. వెంటనే కలిపితే పిండి పైపొర జిగురుకట్టి, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. ఉండలంటే అవే, తర్వాత ఎంత కెలికినా పోవు. పది నిమిషాలయ్యాక పొయ్యి మీంచి దించి, బోగాని కదలకుండా పట్టుకుని, కట్టెతో గోడకేసి నొక్కుతూ నాలుగైదు నిమిషాలు కెలకాలి. బిగుసుకుంటే తీసి పెట్టిన గంజి కొంచెం కొంచెంగా పోయాలి. తడి వేలు పెట్టి చూస్తే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా పచ్చి ఉందని, మళ్లీ మూతేసి 3 నిమిషాలు సెగ చూపించాలి. పిండి చేదుగా ఉందంటే పాతదని అర్థం. మరపట్టించి నెల దాటిన పిండి వాడొద్దు.

పక్కన పోసే నాటుకోడిదీ అదే కథ. ఫారం కోడిని ఆరు వారాలకే కోస్తారు. నాటుకోడి నెలల తరబడి తిరిగి పెరిగింది, కండ గట్టిది, నరం గట్టిది. టీవీలో 20 నిమిషాల్లో దించేది మనకు బోగానిలో గంట నుంచి గంటంబావు, కుక్కర్లో 6-7 విజిల్స్. కిలో కోడికి ముందు ఉప్పు, పసుపు వేసి మూతపెట్టి 10-12 నిమిషాలు దాని నీళ్లలోనే మగ్గనివ్వాలి. తర్వాత మూత తీసి ఆ నీళ్లు ఇగిరేదాకా వేయించాలి. నీచు వాసన పోయేది ఇక్కడే. తర్వాత పోసే నీళ్లు కాగినవై ఉండాలి. మసాలాకు కిలోకు 50 గ్రాముల ఎండు కొబ్బరి, రెండు టీ స్పూన్ల గసగసాలు, రెండు టేబుల్ స్పూన్ల ధనియాలు, నాలుగు లవంగాలు, రెండంగుళాల చెక్క. గసగసాలు వేడి నీళ్లలో 20 నిమిషాలు నానకపోతే మిక్సీలో గింజలు గింజలుగానే తిరుగుతుంటాయి. కెమెరా ముందు పైన మెరిసే నూనెను నమ్మకండి, చివర్లో ఒక గరిటె పోసినా అలాగే మెరుస్తుంది. కాలి ముక్క చూడండి. ఎముక కొస నుంచి కండ అర అంగుళం వెనక్కి జరిగితే ఉడికినట్టు.

కర్నూలు వైపు జొన్నరొట్టె తట్టే చప్పుడు అందరూ రికార్డు చేస్తారు. పిండి కలిపే గిన్నెను ఎవరూ చూపించరు. జొన్నలో జిగురు లేదు, దాన్ని వేడి నీళ్లతో తెప్పించాలి. రెండు కప్పుల పిండికి కప్పు నుంచి కప్పుంబావు మరిగే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి రాగానే 5 నిమిషాలు బాగా మర్దించాలి. అంచులు పగిలితే నీళ్లు చల్లారిపోయాయనో పిండి పాతదనో. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది, ఆ తడి ఆరబోతుండగా తిప్పాలి. పూర్తిగా ఆరితే పగుళ్లు, ఆరకముందే తిప్పితే పెనానికి పట్టుకుంటుంది.

కడప కారం దోశను టీవీ చాలా అందంగా చూపిస్తుంది. ఎర్రటి కారం తెల్లటి దోశ మీద గుండ్రంగా పరుచుకుంటుంటే ఎవరికైనా చూడబుద్ధి అవుతుంది. పిండికి మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు ఉద్దిబేడలు, స్పూను మెంతులు, అర గ్లాసు అటుకులు. "రాత్రంతా పులియనివ్వండి" అనే మాట మన మే నెలకు పనికిరాదు. 5-6 గంటలకే పొంగుతుంది, రాత్రంతా వదిలితే పుల్లబారుతుంది. డిసెంబరులో 10-12 గంటలు సరిపోతుంది. ఎర్రకారానికి పది ఎండు మిరపకాయలు వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, రెండు ఎర్రగడ్డలు, ఆరేడు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు కలిపి నీళ్లు పోయకుండా రుబ్బాలి. పచ్చి ఘాటు వద్దంటే రెండు స్పూన్ల నూనెలో 4-5 నిమిషాలు వేయించుకోవచ్చు.

పెనం మీద నీటి చుక్క గంతులేసి రెండు మూడు సెకన్లలో మాయమవ్వాలి. అంతకంటే వేడెక్కితే పిండి గరిటెకు చుట్టుకుని వచ్చేస్తుంది. అప్పుడు నీళ్లు చల్లి, సగం కోసిన ఎర్రగడ్డతో తుడవాలి. పిండి గుండ్రంగా పరిచాక పైన తడి మెరుపు పోయేదాకా ఆగండి, దాదాపు నిమిషం. టీవీలో కోత పడేది సరిగ్గా ఇక్కడ. పోసిన వెంటనే కారం పూసినట్టు కనబడుతుంది. మనం అలా చేస్తే కారం పిండిలో కలిసిపోయి, దోశ మధ్యలో ఉడకక చిరుగుతుంది. తడి ఆరాక స్పూనున్నర కారం గరిటె వెనకతో పలచగా పూసి, అంచుల చుట్టూ నూనె వేసి, పైన పప్పుల పొడి చల్లాలి. వేయించిన శెనగపప్పు, అంటే మన పప్పులు, ఉప్పు, రెండు తెల్లగడ్డ రెబ్బలు, అంతే ఆ పొడి. ఎర్రగడ్డ కారం వదిలే నీళ్లను పీల్చి దోశను కరకరగా ఉంచేది ఆ పొడే. చాలా కార్యక్రమాల్లో అది దోశ మడిచే హడావిడిలో అర సెకను కనబడుతుంది. ఆపి, వెనక్కి తిప్పి చూడండి. చెయ్యి ఎంత ఎత్తునుంచి చల్లుతోందో గమనించండి. జానెడు పైనుంచి చల్లితేనే పొడి అంతటా సమంగా పడుతుంది, దగ్గరగా చల్లితే ఒకేచోట కుప్పపడి పొడిపొడిగా ఉండిపోతుంది.